పట్టు పండుగలో కనబడని చేయి

ఆగస్టులో జాతీయ చేనేత దినం వచ్చిందంటే నగరంలో చేనేత ప్రదర్శనల సందడి మొదలవుతుంది. అమీర్‌పేట సమీపాన జరిగిన అటువంటి ప్రదర్శన నొకదానిని కొందరు విద్యార్థులతో కలిసి చూచాను. గద్వాల, ధర్మవరం, పోచంపల్లి పట్టుచీరలు వరుసగా వేలాడుతున్నాయి. ఒక విద్యార్థిని పోచంపల్లి చీర కొంగు చేతబట్టి, “సార్, ఈ పువ్వు నేసిన తరువాత అద్దిందా, నేతలోనే పడిందా?” అని అడిగింది. చిన్న ప్రశ్నే, కాని ఒక చరిత్రంతా అందులోనే ఉంది.

ఆ పువ్వు నేతకు ముందే పోగులో ఉంటుంది. పోగులను లెక్క ప్రకారం గట్టిగా కట్టి రంగులో ముంచితే కట్టినచోట రంగు ఎక్కదు. విప్పి, మరల కట్టి, మరో రంగులో ముంచుతారు. మనవాళ్ళు దీనిని చిటికి అన్నారు. ప్రపంచం వాడే ‘ఇకత్’ అనే మలయా మాటకూ కట్టడమనే అర్థం. థాయిలాండులో ఏటా పట్టు పండుగ జరిగే ఖోన్ కేన్ ప్రాంతంలో దీనినే ‘మత్‌మీ’ అంటారు. అందులోనూ కట్టడమే ఉంది. కనుక ఈ విద్య ఏ ఒక్క జాతి సొత్తూ కాదు, శ్రమజీవులందరిదీ.

మన దేశంలో దీని నడకను మార్కెట్టు నిర్ణయించింది. చీరాల తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. తరువాత ఆ పని నల్లగొండ పల్లెల్లో వేళ్ళూనింది. పోచంపల్లి మగ్గం మీద మొదట ఆడింది నూలే. పట్టు ఆ వెనుక వచ్చింది. 1985 నాటి చట్టం కింద తొలుత 22 రకాలను చేనేతకు కేటాయించారు. తరువాత వాటిని 11కు కుదించారు. 1905 ఆగస్టు 7న కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమాన్ని స్మరిస్తూ 2015 నుండి చేనేత దినం జరుపుతున్నారు. 2020లో ఆ దినానికి కొద్దిరోజుల ముందే అఖిల భారత చేనేత బోర్డును రద్దుచేశారు!

ఇక ప్రదర్శనలో కనబడని సంగతి. చిటికి కట్టడానికి ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఇటూ అటూ ఆడాలి. తరతరాలుగా ఈ పని ఇంటి స్త్రీలది. తల్లి భుజం నొప్పి చూడలేక, చదువు మధ్యలో మానిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేతిపనిలోకి యంత్రం వస్తే కళ నశిస్తుందని వాపోయేవారున్నారు. ఆ భుజం వారిది కాదు గనుక అలా అనగలరు! యంత్రం శత్రువు కాదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి భారం తగ్గిస్తుందన్నదే ప్రశ్న.

తిరుగుదారిలో పంజాగుట్టలో ఒక దుకాణానికి వెళ్ళాం. ‘పోచంపల్లి డిజైను’ అంటూ సగం ధరకే చీర చూపించారు. ఆ విద్యార్థిని బట్ట తిరగేసింది. వెనుక రంగు వెలవెలబోయింది. “ఇది అద్దకం,” అన్నది. ఇక్కడ యంత్రం నేతగాని భారం తగ్గించలేదు. అతని కూడు లాక్కున్నది.

పండుగలు వద్దని నేననను. కాని చీర పక్కన ధర చీటీతోపాటు ఆసు పోసినదెవరో, చిటికి కట్టినదెవరో, వారికి దక్కిన కూలి ఎంతో కూడా రాసిపెట్టాలి. ఆ లెక్క బయటపడిననాడే అది నేతగాళ్ళ పండుగ. అంతవరకు వర్తకుల పండుగే.