చెవికి అమరిన చిప్ప



శబ్దము ఎంత దూరమునుండి వచ్చినను కడపటి అంగుళమే కష్టమైనది. సాధనమునకును చెవికిని నడుమ సందు మిగిలెనేని వచ్చిన మాట గాలిలో కలిసిపోవును. ఆ సందును మూయుటకు మనుష్యులు పడిన పాట్ల కథయే హెడ్‌ఫోను కథ. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల వారికి ఈ కథతో ఏమి పని యని మీరు అడుగవచ్చును. చెప్పెదను.

1880ల దశకమున అమెరికాలో టెలిఫోను కేంద్రముల పనివారు ఎజ్రా గిల్లిలాండ్ కల్పించిన సాధనమును భుజమున మోసెడివారు. దాని బరువు 10 పౌనులకు పైమాట. వినుట ఒక చెవితోనే. 1891లో ఫ్రాన్సు దేశీయుడు ఎర్నెస్ట్ మెర్కాడియే చెవిలో ఇమిడెడి చిన్న సాధనమునకు పేటెంటు పొందెను. అది రెండు ఔన్సులైనను తూగదు. చెవి ఒరసికొనకుండ ఆయన దానికి రబ్బరు తొడుగు వేసెను. 1910లో యూటా రాష్ట్రమున నథానియేల్ బాల్డ్విన్ తన వంటయింటిలో హెడ్‌ఫోనులు చేసి అమెరికా నౌకాదళమునకు పంపెను. వారు వినికిడిని మెచ్చిరి గాని తలపట్టె సుఖముగా లేదనిరి. అంతట ఆయన తోలు చుట్టిన రెండు తీగకమ్ములతో, తల కొలతను బట్టి జరుపుకొనదగిన పట్టెను అమర్చెను. గొప్ప యంత్రపు లోటును తోలుముక్కయు తీగయు తీర్చినవి.

ఆ కాలపు స్ఫటిక రేడియోకు విద్యుత్తు అక్కరలేదు. గెలీనా యను సీసపు ఖనిజముపై తీగ మొన ఆనించిన చాలును, పలికెడిది. ఇట్టి ఖనిజముతో తరంగములను పసిగట్టు సాధనమునకు మన జగదీశచంద్ర బోసుగారు 1904లో అమెరికా పేటెంటు పొందిరి. అయితే ఆ ధ్వని మిక్కిలి సన్నము. కనుక పట్టెను వంచుకొనుటయు, చిప్పలకు మెత్త చేర్చుకొనుటయు వినువారి చేతిపనులే. ఇంటిల్లిపాది వినుటకు హెడ్‌ఫోనును గిన్నెలో పెట్టి చుట్టును చేరినవారును కలరు.

మనవైపున 1924లో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు మొదలిడెను. హైదరాబాదున 1935లో నిజాము ప్రభుత్వము దక్కను రేడియోను చేపట్టెను. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో చేరెను. అప్పటికి లౌడ్‌స్పీకరు వాడుకలోనికి వచ్చియుండుటచే సామాన్య శ్రోతకు చెవిచిప్పలతో పని తప్పినది.

అవే చిప్పలు, అదే తలపట్టె మన ప్రాంతమునకు వేరొక పనిమీద వచ్చినవి. 1960ల దశకమున రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము నెలకొనెను. పిదప పటాన్‌చెరు పొలముల ప్రక్కనే అనేక కర్మాగారములు లేచినవి. వానిలో మ్రోత అధికముగా నుండు చోట్ల కార్మికునకు చెవిమూత నిత్యావసరము. హెడ్‌ఫోను మాటను లోనికి తెచ్చును; చెవిమూత మ్రోతను వెలుపల నాపును. రెండింటికిని శత్రువు ఆ సందే.

ఈ మూతలకు పనివారు చేసికొను మార్పులు కొన్ని నేనెరుగుదును. బిగువు తగ్గుటకు పట్టెను సాగదీయుదురు. చెమట పీల్చుటకు చిప్పక్రింద తువాలు మడత పెట్టుదురు. తోటివాని మాట వినబడుటకు చిప్పకు రంధ్రము చేయుదురు. మన యెండలో ఆ యిబ్బంది నిజమైనదే, వారిని నిందింపను. కాని రేడియో వినువాని నేర్పు చెవికి మేలు చేసెను. ఈ నేర్పు చెవిని చెరచును.

చేయదగిన మార్పులు వేరే కలవు. పట్టెను తల కొలతకు జరుపుకొనవలెను. తలగుడ్డను చిప్ప అంచునకు తగులనీయరాదు. అంచు మెత్త గట్టిపడినను చిట్లినను క్రొత్తది వేయించుకొనవలెను. కళ్లజోడు కాడలు సన్ననివైన మేలు. మ్రోత నడుమ మూత పెట్టుకొని, రెండు చిప్పలను అరచేతులతో అదుముడు. మ్రోత బాగుగా తగ్గెనేని అంతకుముందు సందు ఉన్నదన్నమాట.

మరియొక లెక్క వినుడు. 30 డెసిబెల్ల రక్షణ నీయగల మూతను 8 గంటల పనిలో అరగంట తీసివేసినచో, మొత్తముమీద లభించు రక్షణ 12 డెసిబెల్లకు మించదు. కాలమందలి సందును సందే.

1948 నాటి కర్మాగారముల చట్టమును 1987లో సవరించినపుడు, మ్రోతవలన కలుగు వినికిడి లోపమును అధికారులకు తెలుపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చిరి. అయినను ఈ లోపము మెల్లగా వచ్చును, నొప్పి పెట్టదు. లోపలి చెవియందలి సూక్ష్మమైన రోమకణములు ఒకసారి నశించినచో మరల పుట్టవు.

పెద్దలారా! కర్మాగారమునుండి వచ్చిన మీ కుమారుడు రెండుమార్లు పిలిచినను పలుకకున్నచో పొగరని తలపకుడు. ముందు వాని చెవులను వైద్యునకు చూపింపుడు. పిదప వాని చెవిమూతను మీ చేతులతో పట్టి చూడుడు.