విశాఖ రేవు - వాల్తేరు జంతుశాస్త్రం

ఒక విద్యాశాఖ గొప్పతనాన్ని దేనితో కొలవవలెను? మేడలతోనా, పట్టాలు పుచ్చుకొన్నవారి సంఖ్యతోనా? ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖ చరిత్ర మరొక కొలబద్దను చూపుచున్నది.

1926లో బెజవాడలో వెలసిన ఈ విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలివచ్చినది. ఆ పట్టణంలోనే ఉప్పుటేటి బురదనేలను త్రవ్వి నిర్మించిన ఓడరేవు 1933లో తెరచుకొన్నది. రేవుకూ విద్యాపీఠానికీ ఇంచుమించు ఒకటే ఈడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసినవి. ఆ యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరులో తలదాచుకొనవలసి వచ్చినది.

యుద్ధానంతరం జంతుశాస్త్ర శాఖకు పేరు తెచ్చినవారు ఆచార్య పి. ఎన్. గణపతి. గ్రంథాలలోని దూరదేశపు జీవులతో ఆయన తృప్తి చెందలేదు. వాకిట నున్న సముద్రాన్నే ప్రయోగశాలగా చేసుకొన్నారు. 1952లో అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ ఇక్కడికి వచ్చి సముద్ర పరిశోధనకు ఊపు తెచ్చినారు. గణపతిగారు, వారి శిష్యులు తీరపునీటి ఉప్పదనాన్ని, వేడిమిని కొలిచినారు. ఇసుకరేణువుల సందులలో బ్రతికే సూక్ష్మప్రాణులను గూర్చి 1962లో వ్యాసం ప్రకటించినారు.

రేవులో మరొక పని సాగినది. నీట మునిగిన కట్టడాలకూ, ఓడల అడుగులకూ అంటుకొని పెరిగే ప్రాణులు ఓడ వేగాన్ని తగ్గించును. కొన్ని చెక్కనే తొలిచివేయును. ఏ ప్రాణి ఏ కాలంలో వచ్చి అంటుకొనునో వీరు ఓపికతో పరిశీలించి, 1958లో ఆ వివరాలను వెలువరించినారు. చూచేవారికి అది చాదస్తంగా తోచవచ్చును.

కాని ఆ శ్రమ విలువ 1967లో తేటపడినది. అమెరికా ఉష్ణమండల తీరాలకు చెందిన ఒక చిన్న ఆల్చిప్ప జాతి విశాఖ రేవులో కానవచ్చినది. ఓడలవెంట సముద్రాలు దాటగల ప్రాణి అది. పూర్వపు జాబితా చేతనున్నవారు గనుక ఇది క్రొత్తదని గుర్తించగలిగినారు. గణపతిగారు, సహచరులు 1971లో ఆ సంగతిని ప్రకటించినారు. ఇంటిలోని వారెవరో ఎరిగినవాడికే గదా, వచ్చినవాడు పరాయివాడని తెలియును!

ఆ పరాయిజీవి ఎంత ప్రమాదకరమో 1999లో ఆస్ట్రేలియా చవిచూచినది. డార్విన్ నగరంలో అదే జాతి బయటపడగా మూడు పడవరేవులను మూసి, నీటిలో క్లోరిన్ మందు, మైలుతుత్తం కలిపి దానిని నిర్మూలించినారు. వెంటనే పసిగట్టినందువలననే అది సాధ్యమైనది. ఆలస్యమైనచోట ఆ జీవి గుంపులుగా పెరిగి, స్థానికప్రాణులకు చోటు లేకుండ చేయును.

ఒక శాస్త్రశాఖకు నిజమైన బలం ఇదే: అవసరం రాకముందే, ఎవరూ అడుగకముందే, తన వాకిటి నీటిని గమనించి వ్రాసిపెట్టుకొనుట. ఓడలు నేటికీ రేవుకు వచ్చుచున్నవి. వాటివెంట ఏమి వచ్చుచున్నదో చూచే కన్నులు కూడ తరతరాలకు ఉండవలెను.