సైకిలుకూ కావాలి ఓ చోటు
దువ్వాడలో స్టాండ్లు ఎక్కడ, ఎలా ఉంటే మేలు?

దువ్వాడ: ఒకవైపు ఉక్కు కర్మాగారం, మరోవైపు ప్రత్యేక ఆర్థిక మండలి, హౌరా-చెన్నై ప్రధాన మార్గంలో రైల్వేస్టేషను... ఈ మూడింటి మధ్య పెరిగిన ప్రాంతం దువ్వాడ. మోటారు వాహనాలు ఎంత పెరిగినా, చిరు వేతన కార్మికులకు, విద్యార్థులకు, చిల్లర వ్యాపారులకు సైకిలే ఆధారం. దానిని భద్రంగా నిలిపే చోటు లేకుంటే ఒక్క దొంగతనంతో నెల జీతంలో పెద్ద భాగం పోయినట్లే.

పల్లె నుంచి నగరంలోకి

ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరగగా 1992లో జాతికి అంకితమైంది. 1989లో దువ్వాడలో ఎగుమతుల మండలం ఏర్పాటైంది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, పరిసర గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పరిచారు. విశాఖ స్టేషనులో ఇంజిను దిశ మార్చవలసి ఉన్నందున కొన్ని దూరప్రాంత రైళ్లు నగరంలోకి వెళ్లకుండా దువ్వాడ మీదుగానే సాగిపోతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది.

రెండు రకాల అవసరం

దుకాణాలు, బ్యాంకుల వద్ద సైకిలు నిలిపేది కొద్దిసేపే. అక్కడ స్టాండు ద్వారానికి చేరువగా, నలుగురి కంట పడేలా ఉంటే చాలు. స్టేషను, కర్మాగార ద్వారాల వద్ద షిఫ్టు ముగిసేదాకా, ఒక్కోసారి రాత్రంతా ఉంచాలి. అక్కడ పైకప్పు, దీపం, కాపలా తప్పనిసరి.

ఆకృతి ఎలా?

మన సైకిళ్లకు వెనుక చక్రానికి బిగించిన తాళమే ఎక్కువ. అది చక్రాన్ని తిరగనివ్వదు గానీ సైకిలును ఎత్తుకుపోకుండా ఆపలేదు. ముందు చక్రాన్ని మాత్రమే ఇరికించే స్టాండ్లలో రిమ్ము వంగే ప్రమాదం ఉంది. అందుకే తలకిందులైన ‘యు’ ఆకారపు ఉక్కు గొట్టాన్ని నేలలో పాతే పద్ధతి పలు దేశాల్లో స్థిరపడింది. దీనికి ఇంగ్లండులోని మరో ఉక్కు నగరం షెఫీల్డు పేరే వచ్చింది. సైకిలు చట్రాన్ని గొలుసుతో గొట్టానికి కట్టవచ్చు. ఒక్కో దానికి ఇరువైపులా రెండు సైకిళ్లు పడతాయి.

గొట్టం ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు, రెండింటి మధ్య దూరం మీటరు ఉండాలి. సైకిలు పొడవు 1.8 మీటర్లు కనుక, 5 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పుతో ఒక కారు ఆక్రమించే స్థలంలో పది సైకిళ్లు ఇముడుతాయి. పాల క్యాన్లు, చేపల గంపలు కట్టిన సైకిళ్లకు చివరన ఎక్కువ ఎడం విడవాలి. ప్రవేశం వద్ద ఇరుకు మలుపు పెడితే మోటారు సైకిళ్లు చొరబడవు. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక రంగుకు బదులు జింకు పూత మేలు. పాదచారుల బాటకు అడ్డు రాకూడదు.

ఎవరిని అడగాలి?

నగర వీధుల్లో స్టాండ్లు నగరపాలక సంస్థ పరిధిలోనివి. స్టేషను ఆవరణ రైల్వేది, మండలి లోపల అభివృద్ధి కమిషనరుది, ఉక్కునగరంలో కర్మాగార యాజమాన్యానిది. కూర్మన్నపాలెం మీదుగా సాగే జాతీయ రహదారి అంచున జాతీయ రహదారుల సంస్థ అనుమతి కావాలి. స్థలం ఎవరిదో తేల్చుకుని, అక్కడ రోజూ నిలిచే సైకిళ్లను వారంపాటు లెక్కగట్టి వినతిపత్రానికి జతచేస్తే ఎన్ని స్టాండ్లు కావాలో అధికారులకు స్పష్టమవుతుంది.