వాగ్గేయకారుడు జార్జ్ బ్రాసాన్స్

1967వ సంవత్సరమున ఫ్రెంచి అకాడమీ తన కవిత్వ మహాపురస్కారమును ఒక పాటగాని కొసగెను. 1635లో స్థాపితమై, భాషాసంరక్షణమే ప్రధానధర్మముగా గల ఆ సంస్థ, గితారు చేతబట్టి, ఒక పాదము కుర్చీపై మోపి, చెమటలు గ్రమ్ముచుండ పాడు నొక గాయకుని కవిగా మన్నించుట కొందరికి రుచింపలేదు. పాట కవిత్వ మగునా యని వారి యాక్షేపము. మన లాక్షణికుల కిది వింతప్రశ్న. మాతువును ధాతువును తానే కల్పింపజాలినవాడు వాగ్గేయకారుడని శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరము’న నిర్వచించియే యున్నాడు. ఫ్రెంచివారి కట్టి ఏకపదము లేదు. కర్త, స్వరకర్త, గాయకుడు అను మూడుమాటలను కూర్చి చెప్పుకొందురు. అయినను మన కీర్తనకారులతో ఇతనిని పోల్చి మురియుట తగదు. ఇతడు భక్తుడు కాడు. రాగవిస్తారము ఇతని మార్గము కాదు.

బ్రాసాన్స్ 1921 అక్టోబరు 22వ తేదీన, మధ్యధరాసముద్రతీరమందలి సెత్ అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి తాపీపని వృత్తిగా గలవాడు, మతవిశ్వాసము లేనివాడు. తల్లి ఇటలీనుండి వచ్చిన కుటుంబపు బిడ్డ, పరమభక్తురాలు, పాటలన్న ప్రాణము. చదువున ఇతడు సామాన్యుడే. కాని పాఠశాలలో అల్ఫోన్స్ బొన్నఫే అను ఉపాధ్యాయుడు లభించెను. బోద్‌లేర్, వెర్లేన్ మొదలగువారి కవిత్వమును ఈ అల్లరిపిల్లవానికి రుచి చూపినవా డాయనయే. ఆ రుచి చెడునడతను వెంటనే మాన్పలేదు. మిత్రులతోగూడి చేసిన చిల్లరదొంగతనములు బయటపడగా న్యాయస్థానము శిక్ష విధించి దాని యమలును నిలిపెను. తండ్రి నిష్ఠురమాడక కుమారుని ఇంటికి గొనిపోయెనట. ఆ క్షమను కొడుకు చాల యేండ్ల తరువాత ఒక పాటగా కట్టెను.

ఊరిలో తలయెత్తుకొనలేక 1940లో పారిస్ చేరెను. రెనో మోటారుకర్మాగారమున కొలదికాలము పనిచేసెను. జర్మనుల బాంబుదాడితో ఆ పనియు పోయెను. అటుపిమ్మట పదునాలుగవ వార్డు గ్రంథాలయమే అతని విశ్వవిద్యాలయమయ్యెను. వియ్యోన్ మొదలుకొని యూగో వరకు కవుల నేరి పఠించి, ఛందస్సును స్వయముగా నభ్యసించెను. 1942లో ఒక చిన్న పద్యసంపుటమును అచ్చువేయించెను. అది యెవరి దృష్టికిని రాలేదు.

1943లో నిర్బంధశ్రామికునిగా బెర్లిన్ సమీపమందలి బాస్‌డోర్ఫ్‌లోని విమానయంత్రముల కర్మాగారమునకు పంపబడెను. మరుసటి యేడు సెలవుపై పారిస్ వచ్చి తిరిగి పోలేదు. ఫ్లోరిమోన్ అను ఇరుకుసందులో జాన్, మార్సెల్ అను పేద దంపతులు అతనిని దాచిరి. ఆ యింట నీటికుళాయి లేదు, విద్యుద్దీపము లేదు. యుద్ధము ముగిసెను, కీర్తి వచ్చెను, ధనమును వచ్చెను, అయినను 1966 వరకు అతడా యిల్లు వీడలేదు.

1952లో మోన్‌మార్త్ర్‌లో పాతాషు అను గాయని నడపు శాలలో తొలి యవకాశము దొరికెను. తన పాటల నితరులు పాడవలెననియే యతని కోరిక. కొన్నింటిని తానే పాడవలసినదని ఆమె పట్టుబట్టెను. ‘గొరిల్లా’ యను పాట కలకలము రేపెను. బోను తప్పించుకొన్న మృగమునకు చిక్కిన న్యాయాధిపతి, ఆనాడే యొకనికి శిరశ్ఛేదము చేయించినవాడు. మోటుహాస్యము మాటున నున్నది మరణదండనపై ధిక్కారము. ప్రభుత్వరేడియో దానిని ప్రసారము చేయలేదు.

పరిశోధకునికి మిక్కిలి యుపయుక్తమగునది, పూర్వకవుల పద్యములకు ఇతడు స్వరములు కట్టిన తీరు. కాథలిక్కు కవియగు ఫ్రాన్సిస్ జామ్ రచించిన ‘ప్రార్థన’కును, కమ్యూనిస్టు కవియగు ఆరగోన్ ప్రేమగీతమునకును ఇతడు ఒకే వరుస నుపయోగించెను! రెండును పండ్రెండక్షరముల ‘అలెక్సాంద్రిన్’ పాదములు. ఆరవ యక్షరముపై విరామము. (మన తెలుగుయతి వలె అక్షరమైత్రి కాదిది, సంస్కృతయతి వలె విచ్ఛేదము.) వృత్త మొక్కటి గనుక వరుసయు నొదిగెను. పదాంతమున ఉత్తరాదివారు మ్రింగివైచు లఘువైన ‘అ’కారధ్వనిని దక్షిణాదివారు పలుకుదురు; ప్రాచీనఛందస్సు దానిని లెక్కించును. సెత్‌వాసియగు ఇతని నోట పాతపద్యము కుంటుపడకుండుట కిదియు నొక కారణమని నా యూహ.

ఆరగోన్ గీతమున ఇతడు కడపటి చరణమును విడిచిపెట్టెను. జర్మన్ ఆక్రమణకాలమున పుట్టిన యా పద్యము, దేశప్రేమను ప్రేయసీప్రేమతో జతపరచి ముగియును. ఆ చరణము పోగా మిగిలినది కేవల విషాదశృంగారము. యుద్ధానంతరము అరాజకవాదుల పత్రికలో వ్రాసినవాడు, జెండాలకు దూరముగా మసలినవాడు గనుక ఈ త్యాగము యాదృచ్ఛికమని తలపజాలను. పాట విని పద్యము నెరుగుదుమని తలచువారు మూలమును తెరచి చూడవలయును.

1963లో ‘నేటి కవులు’ అను ప్రసిద్ధ గ్రంథమాలలో బ్రాసాన్స్‌పై ఒక సంపుటము వెలువడెను. రచయిత ఎవరు? సెత్‌లో పాఠము చెప్పిన అల్ఫోన్స్ బొన్నఫేయే. అకాడమీకంటె నాలుగేండ్ల ముందే శిష్యుని కవిగా ప్రకటించిన గౌరవ మా గురువునకు దక్కెను.

1981 అక్టోబరు 9న ఫ్రాన్సు దేశము శాసనముచే మరణదండనమును రద్దుచేసెను. ఇరువది దినములకు, అదే నెల 29న, క్యాన్సరు వ్యాధిచే బ్రాసాన్స్ మరణించెను. సెత్ సముద్రపుటొడ్డున ఇసుకలో తన్ను పాతిపెట్టుడని 1966లో ఒక దీర్ఘగీతమున వేడుకొనియుండెను. అది జరుగలేదు. పాల్ వలేరి సమాధి గల కొండమీది శ్మశానమునగాక, ఉప్పుకయ్య వైపునున్న పేదల శ్మశానమున, తనవారి సమాధిలోనే అతనిని ఉంచిరి.