తాండూరు బండల మీద కందులు

మా నాయనమ్మ కందిపప్పును వాసన చూసి కొనేది. హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజ నుంచి శాలిబండ దాకా నడిచిపోయి, దుకాణంలో పిడికెడు పప్పు అరచేతిలో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకొని అడిగేది: "తాండూరుదేనా సేటూ?" కాదంటే సంచి మడిచి చంకన పెట్టుకునేది.

సంక్రాంతి దాటాక మాత్రం పప్పు కొనేది కాదు, కందులే కొనేది. నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, వాకిట్లో బండల మీద ఎండబోసేది. ఎండిన మన్ను రాలిపోయాక ఇసుర్రాయిలో పోస్తే గింజ రెండు బద్దలయ్యేది. చాటలో చెరిగితే వచ్చిన పొట్టు, నూక గౌలిపుర బర్రెలకు. పురుగు పట్టకుండా పప్పుకు కాస్త ఆముదం రాసి కుండకెత్తేది. ఆ బండలు కూడా తాండూరువే. ఒకే ఊరి రాయి, ఒకే ఊరి గింజ మా వాకిట్లో కలుసుకునేవి.

రెండూ ఒకే దారిన వచ్చాయి. నిజాం సొమ్ముతో వేసిన వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం 1874లో మొదలైంది. తాండూరు ఆ దారిలోనే ఉంది. వాడి దాటితే గుల్బర్గా, అదీ కంది సీమే. 1956 వరకు రెండూ హైదరాబాదు రాష్ట్రం కిందివే. ఇప్పుడు రాష్ట్రాలు వేరు, భౌగోళిక గుర్తింపులూ వేరు: గుల్బర్గా కందిపప్పుకు 2019లో, తాండూరు కందికి 2022లో. సరిహద్దు గీత ఎక్కడ పడిందో కందిచెట్టుకు తెలియదు గానీ, గుర్తింపు కాగితానికి తెలుసు.

ఆ రెండు సీమల చేలలోనూ తొలకరికి జొన్న సాళ్ల మధ్య అంతరపంటగా కంది వేసేవాళ్లు. జొన్న కోసేశాక కూడా కంది లోతు వేరుతో నేలలోని తడి పీల్చుకొని నిలబడుతుంది. దానికి వాన లేకపోవడం కన్నా ఎండుతెగులు భయం ఎక్కువ. 1972లో పటాన్‌చెరులో వెలసిన పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఆ తెగులును తట్టుకునే 'ఆశ' లాంటి రకాలు తెచ్చింది.

మా పక్కింటి ఖాలా కూడా తాండూరు పప్పుతోనే ఖట్టీ దాల్ చేసేది. చింతపండు పులుసు పోసి, ఎండుమిర్చి, వెల్లుల్లితో బఘార్, అంటే తాలింపు. మా పప్పుచారుకూ దానికీ తేడా ఏమిటని అడిగితే నాయనమ్మకూ ఖాలాకూ కోపం వచ్చేది. నా లెక్కన తేడా వెల్లుల్లి దగ్గరే.

2015లో కిలో 200 రూపాయలు తాకినప్పుడు రెండు ఇళ్లలోనూ పప్పు పలచబడింది. మరుసటి ఏడాదే దిగుమతి కోసం మన ప్రభుత్వం మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది. బర్మా నుంచి వచ్చే కందులకు వ్యాపారులు 'లెమన్' అని పేరు పెట్టారు.

మొన్న శాలిబండలో పప్పు కొనబోతే, దుకాణాయన మూడు డబ్బాలు వరసగా పెట్టి మూడు ధరలు చెప్పాడు. ఒక్కోదాన్నీ అరచేతిలో రుద్ది వాసన చూశాను. మూడింటికీ పప్పు వాసనే వచ్చింది. "తాండూరుది ఏది?" అని అడిగితే, ఎక్కువ ధరదాని వైపు వేలు చూపించాడు.