ఖుత్బ్ వైపు తిప్పిన దూర్బీన్

దూర్బీన్ అనగానే అందరి ఖయాల్ అద్దం మీదికే పోతుంది. ఎంత పెద్దది, ఎంత దూరం చూపిస్తుంది అని అడుగుతారు. దాన్ని తిప్పే యంత్రం సంగతి ఎవరూ అడగరు. నాకేమో ఆ యంత్రం తారీఖే దిల్‌చస్ప్‌గా ఉంటుంది. అందులో మన హైదరాబాద్ హిస్సా కూడా ఉంది మరి.

ముందు ముష్కిల్ ఏమిటో చూద్దాం. మన జమీన్ 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. మనకు మాత్రం ఆస్మాన్ తిరిగినట్టు కనిపిస్తుంది. రెండు నిమిషాల్లో ఆకాశం నిండు చందమామ వెడల్పంత జరిగిపోతుంది. ఉత్త కళ్లకు అది తెలియదు. దూర్బీన్‌లో అయితే ముష్తరీ, అదే మన బృహస్పతి, చూస్తుండగానే అంచు దాటి మాయమవుతాడు. ఫోటో తీస్తే సితారా చుక్కలా పడదు, గీతలా సాగుతుంది.

దీనికి ఇలాజ్ ఒకటే. దూర్బీన్ ఇరుసును ఖుత్బ్ తార, అంటే ధ్రువ నక్షత్రం ఉన్న దిక్కుకు వాల్చి, జమీన్ తిరిగే వేగంతోనే ఎదురు దిక్కుకు తిప్పాలి. ఖుత్బ్ అంటే అరబీలో ధ్రువం. తిరగలి మధ్యలో ఉండే మేకుకూ అదే మాట. గోల్కొండ సుల్తానులు పేర్లలో పెట్టుకున్న ఖుత్బ్ కూడా ఇదే.

ఈ పని గడియారం చేత చేయించిన పెద్ద దూర్బీన్లలో మొదటిది జర్మనీ కారీగర్ ఫ్రాన్‌హోఫర్ చేసి 1824లో దోర్పత్‌కు పంపినది. ఇప్పుడు ఆ ఊరి పేరు తార్తు, ఎస్తోనియాలో ఉంది. గొలుసుకు వేలాడే బరువు మెల్లగా దిగుతుంటే పళ్లచక్రాలు తిరిగి ఇరుసును కదిలిస్తాయి. పళ్లచక్రాలతో ఆస్మాన్ లెక్క చూపించడం అంతకన్నా చాలా పాత ఇల్మ్. 1221 ప్రాంతంలో ఇస్ఫహాన్‌కు చెందిన ముహమ్మద్ ఇబ్న్ అబీ బక్ర్ ఒక ఉస్తుర్లాబ్ వెనక పళ్లచక్రాలు బిగించి, చంద్రుడి కళలు తిరిగేలా చేశాడు. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది.

మనవాళ్ల తఖ్రీర్లు ఇస్ఫహాన్, బగ్దాద్ దగ్గరే ఆగిపోతాయి. ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం, ఇంటికి పోతాం. బేగంపేట దాకా ఎవరూ రారు.

1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లిస్తాన్‌లో 15 అంగుళాల గ్రబ్ దూర్బీన్ కొని, ఫిసల్‌బండలో రసద్‌గాహ్ పెట్టాడు. గ్రబ్ కార్ఖానా ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉండేది. డబ్లిన్‌లో ఖుత్బ్ తార 53 డిగ్రీల ఎత్తున నిలబడితే, మన దగ్గర పదిహేడున్నర డిగ్రీల లోపే ఉంటుంది. అంటే ఇరుసును దాదాపు పడుకోబెట్టాలి. ఏ ఊరి దూర్బీన్‌కు ఆ ఊరి వాలు.

1908లో నిజాం సర్కార్ ఆ రసద్‌గాహ్‌ను తన చేతుల్లోకి తీసుకుంది. చాట్‌వుడ్ మొదటి డైరెక్టర్. తర్వాత బేగంపేటకు మార్చారు. 1887లో పారిస్‌లో మొదలైన తలపెట్టు ఒకటి ఉంది. మొత్తం ఆస్మాన్‌ను ప్లేట్ల మీద ఫోటో తీసి నక్షా గీయాలని ఎన్నో దేశాలు పని పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో వంతుకు వచ్చిన దక్షిణ ఆకాశపు పట్టీ హైదరాబాద్ చేతికొచ్చింది. 1914లో పోకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరన్ శాస్త్రి, 1944 నుంచి అక్బర్ అలీ ఆ రసద్‌గాహ్‌ను నడిపారు. నవాబు సొమ్ము, శాస్త్రిగారి ఓపిక, అక్బర్ అలీ పట్టుదల ఒకే ఇరుసు చుట్టూ తిరిగాయి.

అలాంటి పనిలో గడియారాన్ని పూర్తిగా భరోసా చేయడానికి లేదు. ప్లేటు మీద వెలుతురు పడుతున్నంత సేపూ ఒక మనిషి పక్కనున్న చిన్న దూర్బీన్‌లో కన్ను పెట్టి, సితారాను అడ్డగీతల మధ్య నిలపాలి. కాస్త పక్కకు జరిగితే మర తిప్పి సర్దాలి. ఆ తర్వాత ఒక్కో చుక్క చోటు కొలిచి రాయాలి. అంత మెహనత్ ఏం చేసుకోను అంటారా? 1989లో యూరప్ ఎగరేసిన హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను ఇలాంటి పాత ప్లేట్ల కొలతలతో పోల్చే, నక్షత్రాలు ఎటు కదులుతున్నాయో తేల్చారు. 2000లో వచ్చిన టైకో-2 జాబితా అలా తయారైంది. పాత కొలత లేకపోతే కదలిక తెలియదు. ఆ పాత కొలతల్లో హైదరాబాద్ రాత్రులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు బరువులూ గొలుసులూ పోయాయి. మా మొహల్లాలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు తన దూర్బీన్ స్టాండ్‌కు మోటార్ బిగిస్తుంటే చూశాను. అరచేతిలో పట్టే మోటార్. అయినా పని క్రమం మారలేదు. ముందు ఎదురు బరువు జరిపి రెండు పక్కలూ సమంగా తూచాడు. మోటార్ తిప్పే మరచుట్టు చక్రం పళ్లకు ఆనించేటప్పుడు బిగిస్తే పట్టేస్తోంది, వదులు చేస్తే ఆడుతోంది. ఆ రెండింటి నడుమ చోటు వెతకడానికే గంట పట్టింది. ఉత్తరాన అపార్ట్‌మెంట్లు అడ్డం. మన దగ్గర ఖుత్బ్ తార అసలే కింద ఉంటుంది. దిక్సూచి, వాలు కొలిచే పరికరం పెట్టుకుని అందాజాగా ఇరుసు నిలిపి, తర్వాత ఒక సితారా ఎటు జారుతోందో చూస్తూ కొంచెం కొంచెంగా సర్దుకున్నాడు.

"మోటార్ ఎంత మంచిదైనా దిక్కు తప్పితే బేకార్ భాయ్‌జాన్" అన్నాడు.

తారీఖ్ చదివేవాళ్లకూ పనికొచ్చే మాటే అది. బగ్దాద్ పేరు చెప్పే ప్రతి జల్సాలో బేగంపేట పేరు కూడా వినిపించాలని నా ఖాయిష్. మన ఊరి మెహనత్ మనం యాద్ చేసుకోకపోతే ఇంకెవరు చేసుకుంటారు?