ఫైజ్ హిసార్ సిక్కా: ఒక సెట్ పూర్తి కావాలంటే ఎంత ఖర్చు?

అనంతపురం జిల్లాలో రైలెక్కే వాళ్ళకి గుత్తి అంటే జంక్షన్. తారీఖ్ చదివేవాళ్ళకి కిల్లా. పాత సిక్కాలు పోగుచేసే షౌకీన్లకి మాత్రం అది ‘ఫైజ్ హిసార్’. టిప్పు సుల్తాన్ తన హుకూమత్‌లో (1782–1799) గుత్తికి పెట్టిన పేరది. ఫైజ్ అంటే దాతృత్వం, హిసార్ అంటే కోట. ఇక్కడి టంకసాలలో పడిన రాగి పైసా మీద ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఫార్సీ లిపిలో ‘జర్బ్ ఫైజ్ హిసార్’ అని ఉంటుంది. జర్బ్ అంటే ముద్ర వేయడం. ఈ సిక్కా గుత్తిలో ముద్రించిందని దాని అర్థం.

కరువు సీమలో ఫైజ్ పేరుతో ఒక కోట ఉండడం వింతగానే ఉంటుంది. 1776లో టిప్పు వాలిద్ హైదర్ అలీ ఈ కోటను ముట్టడించినప్పుడు మరాఠా సర్దార్ మురారిరావు ఘోర్‌పడే నెలల తరబడి తట్టుకున్నాడు. చివరికి ఆయన్ని దించింది ఫిరంగులు కాదు, నీళ్ళ కరువు. కొండ మీద తాగునీరు అయిపోయాక లొంగిపోక తప్పలేదు. ఖైదీగానే కబ్బాలదుర్గంలో కన్నుమూశాడు. ఆ తర్వాతే గుత్తి మైసూరు సల్తనత్‌లో కలిసింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టిప్పు సిక్కాల సెట్ పూర్తి చేయాలని ఈ రోజుల్లో చాలామంది నౌజవాన్లు మొదలుపెడుతున్నారు. దానికి ఎంత డబ్బు, ఎంత మెహనత్, ఎంత సబర్ కావాలో ఒకసారి హిసాబ్ వేసి చూద్దాం.

ముందు పేర్లు చూడండి. టిప్పు తన సిక్కాలకు ఒట్టి లెక్కల పేర్లు పెట్టలేదు. బంగారంలో అన్నిటికంటే పెద్దది అహ్మదీ, ప్రవక్త (స) పేరు మీద. దానిలో సగం సిద్దీఖీ, హజ్రత్ అబూబకర్ (రజి) పేరు మీద. అందులో సగం ఫారూఖీ, హజ్రత్ ఉమర్ (రజి) పేరు మీద. అన్నిటికంటే చిన్నది రాహతీ. వెండిలో రెండు రూపాయల సిక్కా హైదరీ, హజ్రత్ అలీ (రజి) పేరు మీద. రూపాయి ఇమామీ. దాని కింద అబిదీ, బాఖిరీ, జాఫరీ, కాజిమీ అని ఇమాముల పేర్లు. చివరిది రూపాయిలో ముప్పై రెండో వంతు, ఖిజ్రీ. రాగిలో రెండు పైసలది హజ్రత్ ఉస్మాన్ (రజి) పేరు మీద ఉస్మానీ. తర్వాత దాన్నే ముష్తరీ అన్నారు, అంటే గురుగ్రహం. పైసా జొహ్రా, అంటే శుక్రుడు. అర పైసా బహ్రామ్, అంటే కుజుడు. పావు పైసా అఖ్తర్, అంటే చుక్క. దానిలో సగం ఖుతుబ్, అంటే ధ్రువనక్షత్రం.

మొత్తం పదహారు. ఒకే ఖజానాలో ఖలీఫాలూ ఇమాములూ పక్కపక్కనే ఉన్నారు. రైతు సంతకు పట్టుకెళ్ళే చిల్లరలో గ్రహాలున్నాయి. మొఘల్ బాద్షా పేరు మాత్రం ఎక్కడా లేదు. తనకు పైన ఢిల్లీలో ఎవరూ లేరని టిప్పు ఈ సిక్కాలతోనే చెప్పుకున్నాడు.

పదహారుతో అయిపోతే సులువే. టంకసాలలు దాదాపు పన్నెండు. పట్న్ అంటే శ్రీరంగపట్నం, నగర్ అంటే బెడ్నూరు, ఫర్రుఖ్‌యాబ్ హిసార్ అంటే చిత్రదుర్గం, జఫరాబాద్ అంటే మన గుర్రంకొండ, ఖాలిఖాబాద్ అంటే దిండిగల్, సలామాబాద్ అంటే సత్యమంగళం. బెంగళూరు, కోజికోడ్, ధార్వాడ్, మైసూరు కూడా ఉన్నాయి. రాగిలో ఉన్న ఐదు రకాలను పన్నెండు ఊళ్ళతో గుణిస్తే కాగితం మీద అరవై గళ్ళు వస్తాయి. అన్ని ఊళ్ళలో అన్ని రకాలూ పడలేదు కాబట్టి కొన్ని గళ్ళు ఎప్పటికీ నిండవు. ఏది నిండుతుంది, ఏది నిండదు అని తెలుసుకోవడమే సగం పని. పైగా 1792 సులహ్‌లో టిప్పు సగం రాజ్యం పోయింది, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయల జుర్మానా పడింది. దిండిగల్, కోజికోడ్ లాంటి ఊళ్ళు చేతులు మారాయి. అక్కడి సిక్కాలు కొన్నేళ్ళవే, అందుకే దొరకడం కష్టం.

తారీఖు చదవడం ఇంకో పరీక్ష. మొదటి సిక్కాల మీద హిజ్రీ సంవత్సరం, 1197 నుంచి 1201 దాకా. 1787 నుంచి టిప్పు మౌలూదీ లెక్క మొదలుపెట్టాడు, అంటే ప్రవక్త (స) పుట్టుక నుంచి లెక్కించేది. సంవత్సరాల చక్రం మాత్రం మన ఉగాది పంచాంగంలోని అరవై ఏళ్ళదే. అంకెల్ని కూడా కుడి నుంచి ఎడమకు వేయించాడు. 1215 ఉన్నచోట మనకు 5121 అని కనిపిస్తుంది. కొత్తవాళ్ళు తికమకపడి నకిలీ అనుకుని పక్కన పెట్టేస్తారు. అసలు నకిలీని మాత్రం మురిసిపోయి కొనుక్కుంటారు.

ఖర్చు మూడు మెట్లుగా నడుస్తుంది. మొదటి మెట్టు రాగి. అరిగిన జొహ్రాలు మామూలు ఇంటివాళ్ళు కూడా కొనగలిగే ధరకే దొరుకుతాయి, సెట్‌లో చాలా భాగం త్వరగా నిండుతుంది. రెండో మెట్టు చిన్న వెండి. అవి సన్నగా ఉంటాయి, తేలిగ్గా పోతాయి, మిగిలినవి కొన్నే. మూడో మెట్టు బంగారం. అహ్మదీ ఒక్కటే పదమూడు గ్రాముల పైన ఉంటుంది. లోహం ధరే భారం, దాని మీద అరుదుతనం కీమత్. చివరి మూడు నాలుగు సిక్కాలకు అయ్యే ఖర్చు అంతకుముందు కొన్నవాటన్నిటికీ అయినదాన్ని మించిపోతుంది. వేలంపాటలో గెలిచాక కూడా కమీషన్, పన్ను, పోస్టు ఖర్చు ఉండనే ఉంటాయి.

దీని మీద ఇప్పుడు గ్రేడింగ్ వచ్చింది. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తన దేశపు పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలత చేశాడు. మొదట్లో అది ధర లెక్క. 70 సిక్కా 1 సిక్కాకు డెబ్బై రెట్లు పలకాలని. 1980లలో అక్కడి కంపెనీలు ఆ అంకెను నాణ్యతకు సర్టిఫికెట్‌గా మార్చాయి. సిక్కాను పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇస్తాయి. 60 దాటితే అసలు వాడుకలోకి పోని సిక్కా. సెట్ అంతా గ్రేడెడ్‌గా కావాలంటే ప్రతి సిక్కాకూ ఫీజు వేరు. అంకె ఒకటి పెరిగితే ధర ఎన్నో రెట్లు పెరగొచ్చు.

మన ఇళ్ళలో ఒక అలవాటుంది. దాదీమా సందూఖ్‌లో నల్లబడిన రాగి బిళ్ళ కనిపిస్తే ఇత్తడి చెంబులాగే చింతపండు, ఉప్పు వేసి తోమేస్తాం. మెరుస్తుంది. గ్రేడింగ్ వాళ్ళ దగ్గర అదే ఐబ్ అవుతుంది. తోమినట్టు తేలితే అంకె ఇవ్వరు. రెండు వందల ఏళ్ళలో పట్టిన గోధుమ రంగు పొరే దాని సాక్ష్యం. అది పోతే మళ్ళీ రాదు.

కానూన్ సంగతీ తెలిసుండాలి. వందేళ్ళు దాటిన సిక్కా 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. మామూలు మనిషి దాన్ని దేశం బయటకు పంపకూడదు, గ్రేడింగ్ కోసమైనా సరే. నేలలో దొరికింది ఇంకో రకం. తొలకరి వాన తర్వాత వజ్రకరూరు పొలాల్లో వజ్రాలు వెతికినట్టు, ఎక్కడో దున్నుతుంటే సిక్కాల కుండ బయటపడొచ్చు. పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టం అంటుంది.

ఇంత హిసాబ్ తర్వాత ఒక సవాల్. ఎక్కువ అంకె వచ్చేది ఏ సిక్కాకు? ఎవరి చేతిలోనూ పడకుండా మూటలో ఉండిపోయినదానికి. గుత్తి సంతలో జొన్నలు కొన్న పైసాకు, ఫకీర్ కష్కోల్‌లో పడిన పైసాకు, ఏనుగు అరిగిపోయే దాకా తిరిగిన పైసాకు తక్కువ అంకె. కరువు నేలమీద పనిచేసిన సిక్కా గ్రేడ్‌లో ఓడిపోతుంది. 1799లో టిప్పు షహీద్ అయ్యాక గుత్తి నిజాంకు, 1800లో కంపెనీకి పోయింది. 1818లో మద్రాసులో రూపాయి లెక్క, 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చాయి. పాత రాగి బిందెలైంది, వెండి కరువు రోజుల్లో షావుకారు త్రాసు ఎక్కింది. మిగిలిన ప్రతి అరిగిన ముక్కా ఆ కరిగించడం నుంచి తప్పించుకున్నదే.

ఈ సిక్కాల మీద పుస్తకాలు రాసిన టేలర్ (1914), మద్రాసు మ్యూజియంలో పనిచేసిన హెండర్సన్ (1921) కాలానికి ఈ డెబ్బై అంకెల కొలతే లేదు. వాళ్ళు ఊరు చదివారు, సంవత్సరం చదివారు, తూకం రాశారు. ఆ పని మన ఇళ్ళలోనూ చేయొచ్చు. దానికి ఉర్దూ అక్షరాలు వచ్చిన ఒక బిడ్డ, ఒక భూతద్దం, ఒక నోట్‌బుక్ చాలు. సిక్కాను తోమకండి. అంచు పట్టుకోండి, కాగితపు కవర్లో పెట్టండి, ఎవరి నుంచి వచ్చిందో పక్కన రాయండి. పదహారూ దొరకకపోయినా పర్వాలేదు. ‘ఫైజ్ హిసార్’ అన్న రెండు మాటల్ని మీ బిడ్డ తన వేలితో చదివితే, బుజుర్గుల అమానత్ ఒకటి చేతులు మారినట్టే.